పరుగుకు తగిన ఆహారం

పోచంపల్లికి వచ్చేవారు చేనేత చీరలతో పాటు తప్పక చూసి వెళ్ళే స్థలం వినోబా మందిరం. 1951 ఏప్రిల్ 18న ఆచార్య వినోబా భావే కాలినడకన ఈ ఊరికి చేరుకోవడం, భూమిలేని హరిజనుల కోసం వెదిరె రామచంద్రారెడ్డి గారు నూరెకరాలను దానమివ్వడం, ఆ ఘట్టంతోనే భూదానోద్యమం ఆరంభం కావడం అందరికీ తెలిసిన చరిత్ర. అప్పటికి వినోబా వయస్సు 55 సంవత్సరాలు. ఆపై పదమూడేళ్ళ పాటు ఆయన దేశమంతటా నడుస్తూనే ఉన్నారు. ఉదరవ్రణ బాధ ఉండడం చేత పాలు, పెరుగు, తేనె, బెల్లం వంటివాటినే కొద్దికొద్దిగా, వేళ తప్పకుండా తీసుకునేవారు.

ఈ సంగతిని నాకు గుర్తుచేసినవాడు ఒక యువకుడు. పోలీసు కానిస్టేబుల్ ఎంపిక పరీక్షల కోసం మా ఊళ్ళో తెల్లవారుజామున పరుగు సాధన చేసే పిల్లలు పదిహేను ఇరవై మంది దాకా ఉంటారు. మగపిల్లలకు 1600 మీటర్లు, ఆడపిల్లలకు 800 మీటర్ల పరుగు. వీరిలో చాలామంది రాత్రి ఏడు గంటలకు తిన్న అన్నంతో తెల్లవారి అయిదున్నరకు మైదానంలో దిగుతారు. నడుమ ఒక కప్పు టీ తప్ప మరేమీ ఉండదు. ఇది సరికాదని నేను వారించినప్పుడు ఆ అబ్బాయి, "వినోబా గారు పాలు, పెరుగు మీదనే దేశమంతా తిరిగిండు కద సారూ, మేము ఒక్క మైలు ఉరకలేమా?" అన్నాడు.

ప్రశ్న తేలికైనదే అయినా సమాధానంలో శరీరధర్మమంతా ఇమిడి ఉన్నది. నడక వేరు, పరుగు వేరు. నింపాదిగా నడిచేటప్పుడు శరీరం ఎక్కువగా కొవ్వును ఖర్చు చేసుకుంటుంది. బక్కపలుచని మనిషిలోనైనా రోజుల తరబడి నడవడానికి సరిపడే కొవ్వు ఉంటుంది. పరుగు వేగం పెరిగేకొద్దీ కండరాలకు కొవ్వుతో పని జరగదు, చక్కెర కావాలి. మనం తినే అన్నం, రొట్టె, బెల్లం చక్కెరగా మారి, అందులో కొంత గ్లైకోజెన్ అనే రూపంలో కాలేయంలోనూ కండరాలలోనూ నిలవ ఉంటుంది. కాలేయంలో నిలవ ఉండేది సుమారు నూరు గ్రాములు, కండరాలన్నింటిలో కలిపి మూడు నాలుగు వందల గ్రాములు. మనం నిద్రపోయే వేళ మెదడుకు కావలసిన చక్కెరను కాలేయమే అందిస్తుంది గనుక తెల్లవారేసరికి కాలేయపు నిలవ చాలావరకు తరిగిపోతుంది. ఆ స్థితిలో టీ తాగి పరుగెత్తితే కాళ్ళు బరువెక్కడం, కళ్ళు తిరగడం, చివరి చుట్టులో వేగం పడిపోవడం కొందరిలో కనిపిస్తాయి. వీటినే పిల్లలు 'స్టామినా లేకపోవడం' అనుకుంటారు.

ఈ విషయాన్ని పాశ్చాత్య వైద్యులు ఒక శతాబ్దం క్రితమే కనిపెట్టారు. 1924లో అమెరికాలోని బోస్టన్ నగరంలో జరిగిన మారథాన్ పరుగు ముగిసిన వెంటనే కొందరు వైద్యులు పరుగెత్తినవారి రక్తాన్ని పరీక్షించారు. సొమ్మసిల్లి, మాట తడబడుతూ చేరుకున్నవారి రక్తంలో చక్కెర బాగా తగ్గిపోయి ఉన్నది. మరుసటి ఏడు అదే పోటీకి ముందురోజు పిండిపదార్థాలు ఎక్కువగా తినమని చెప్పి, దారిలో మిఠాయి బిళ్ళలు కూడా ఇచ్చారు. ఈసారి వారు తేరుకున్న ముఖాలతో, మునుపటి కంటె మెరుగైన స్థితిలో పరుగు ముగించారు. మన పెద్దలు ఎండలో పడి వచ్చినవారికి బెల్లం ముక్క, చెంబెడు నీళ్ళు ఇవ్వడం వెనుక ఉన్న యుక్తి కూడా ఇదే.

ఆయుర్వేదం ఏమంటున్నది?

వాగ్భటాచార్యుడు అష్టాంగ హృదయంలో దినచర్యను వివరిస్తూ వ్యాయామం వలన శరీరానికి తేలికదనం, పనిచేసే శక్తి, జఠరాగ్ని దీప్తి కలుగుతాయని, అధికమైన మేదస్సు తరుగుతుందని చెప్పాడు. ఆ వెంటనే ఒక షరతు విధించాడు. చాలామంది ఈ షరతును చదవకుండానే దాటిపోతారు. తన బలంలో సగం మేరకు మాత్రమే వ్యాయామం చేయాలి. అదైనా బలవంతులు, స్నిగ్ధమైన ఆహారం తినేవారు చేయాలి. శీతకాలం, వసంతం ఇందుకు తగిన ఋతువులు, మిగతా కాలాలలో ఇంకా తగ్గించుకోవాలి. స్నిగ్ధాహారమనగా నెయ్యి, నూనె, పాలు మొదలైనవి చేరిన, ఎండిపోని భోజనం. అంటే వ్యాయామాన్నీ ఆహారాన్నీ ఆచార్యుడు ఒకే చోట ముడివేశాడన్నమాట. తినకుండా శ్రమించేవానికి వ్యాయామం మేలు చేయదు, ధాతువులను క్షీణింపజేస్తుంది. అతి వ్యాయామం వలన దప్పి, ఆయాసం, క్షయం, దగ్గు, జ్వరం వంటివి కలుగుతాయని కూడా అక్కడే హెచ్చరించాడు.

సగం బలం అనే మాట నేటి పోటీలకు పనికిరాదు కదా అని మీరు అడగవచ్చు. నిజమే, పోటీనాడు ఎవరూ సగం బలంతో పరుగెత్తరు. అయితే సాధన రోజులన్నింటా పూర్తి వేగంతో పరుగెత్తి, పోటీనాటికి అలసిపోయి వచ్చే పిల్లలను చూసిన తరువాత ఈ సూత్రం మీద నాకు గౌరవం పెరిగింది.

ఒక అనుభవం

రెండేళ్ళ క్రితం మా వీధిలోని ఒక నేత కుటుంబం వారు తమ అమ్మాయిని నా వద్దకు తీసుకువచ్చారు. వయస్సు పందొమ్మిది. డిగ్రీ చదువుతూ కానిస్టేబుల్ పరీక్షకు సాధన చేస్తున్నది. మొదటి చుట్టు బాగానే పరుగెత్తుతుంది, రెండవ చుట్టులో గుండె దడ, కళ్ళముందు చీకట్లు. ఒకనాడు మైదానంలోనే కూలబడిపోయింది. తండ్రి అప్పటికే బజారులో ఎవరో చెప్పగా వారం కూలికి సమానమైన డబ్బు పోసి ఒక ప్రోటీన్ పొడి డబ్బా కొన్నాడు. "పొడి తాపుతున్నం సారూ, అయినా బిడ్డకు బలం వస్తలేదు" అన్నాడు.

ఇక్కడ నా పొరపాటును కూడా చెప్పుకోవాలి. ఆకలి మందంగా ఉన్నదని ఆ అమ్మాయి చెప్పగానే అగ్నిమాంద్యమని నిర్ణయించి దీపన చూర్ణమొకటి ఇచ్చి పంపాను. రెండు వారాలు వృథా అయినవి. రెండవసారి వచ్చినప్పుడు కనురెప్పల లోపలి భాగం, గోళ్ళు పాలిపోయి ఉండడం గమనించి ప్రభుత్వ ఆసుపత్రిలో రక్త పరీక్ష చేయించమన్నాను. హీమోగ్లోబిన్ 8.4 గ్రాములు వచ్చింది. స్త్రీలకు ఇది 12 గ్రాములకు తగ్గకూడదు. పాండురోగ లక్షణాలన్నీ ఎదురుగా ఉండగా నేను నాలుకను మాత్రమే చూశాను.

రక్తంలో ప్రాణవాయువును మోసేది హీమోగ్లోబినే. అది మూడింట ఒక వంతు తగ్గినప్పుడు ఎంత సాధన చేసినా, ఎన్ని డబ్బాల పొడి తిన్నా కండరాలకు గాలి అందదు. నడకలో ఈ లోపం బయటపడదు, పరుగులోనే పడుతుంది. మన రాష్ట్రంలో సగానికి పైగా స్త్రీలలో రక్తహీనత ఉన్నట్లు జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలు చెబుతున్నవి. కనుక పరుగులో వెనుకబడే ఆడపిల్లకు మొదట చేయవలసినది రక్త పరీక్ష. ఈ క్రమాన్ని నేను ఆనాటి నుండి తప్పలేదు.

ఆసుపత్రి వైద్యులు ఇచ్చిన ఇనుము మాత్రలను కొనసాగించమని, వాటికి తోడు ఆహారాన్ని ఇలా మార్చమని చెప్పాను. టీని భోజనానికి ముందు గంట, తరువాత గంట ముట్టరాదు, టీలోని వగరు పదార్థాలు ఇనుమును ఒంటపట్టనీయవు. ఆకుకూర పప్పు మీద నిమ్మరసం పిండుకోవాలి. భోజనం తరువాత జామకాయ గాని, ఉసిరి పచ్చడి గాని తీసుకోవాలి, వీటిలోని 'సి' విటమిన్ ధాన్యాలలోని, ఆకుకూరలలోని ఇనుమును శరీరం గ్రహించేటట్లు చేస్తుంది. సజ్జ రొట్టె, తోటకూర, మునగాకు, నువ్వుల పొడి ఇంట్లో ఉండేవే. మాంసాహారులైనందున వారానికి ఒకటి రెండు మార్లు మాంసం కూడా తినమన్నాను, మాంసంలోని ఇనుము శాకాలలోని దాని కంటె సులువుగా వంటబడుతుంది. మా వైపు తైదలని పిలిచే రాగుల పిండిని రాత్రి కలిపి పులియబెట్టి, ఉదయం కాచిన అంబలి మరీ మంచిది. పులియడం వలన ఇనుమును పట్టి ఉంచే ఫైటేట్లనే పదార్థాలు తగ్గుతాయి. మన పూర్వికులకు ఆ పేరు తెలియకపోయినా పని తెలుసు.

మూడు నెలలకు హీమోగ్లోబిన్ 11.3కు వచ్చింది. అప్పుడు మరొక సంగతి తోచి ఆ అమ్మాయి తల్లికి కూడా పరీక్ష చేయించాను. ఆమెది కూతురి కంటె తక్కువ, 7.9. పోచంపల్లి చీర నేయడానికి ముందు ఆసు పోయడమనే పని ఉంటుంది. అర్ధచంద్రాకారంలో ఉన్న మేకుల చుట్టూ దారాన్ని చేత్తో తిప్పాలి. ఒక్క చీరకు సుమారు తొమ్మిది వేల సార్లు చేయి ముందుకు వెనుకకు కదలాలి. ఈ శ్రమతో తల్లి భుజాలు పడిపోవడం చూడలేకనే ఆలేరు ప్రాంతపు శారాజీపేట వాసి చింతకింది మల్లేశం 1999లో లక్ష్మీ ఆసు యంత్రాన్ని తయారుచేశారు, 2017లో పద్మశ్రీ అందుకున్నారు. యంత్రం రాని ఇళ్ళలో ఆ పని ఇప్పటికీ స్త్రీల చేతుల మీదనే నడుస్తున్నది. కూతురి పరుగుకు బలం కావాలని డబ్బా కొన్న ఇంటివారికి తల్లి చేసేది కూడా వ్యాయామమేనని తోచలేదు. ఆమె అందరూ తిన్న తరువాత మిగిలినది తినేది.

ఎంత తినాలి?

ప్రోటీన్లను మన పత్రికలు మాంసకృత్తులని పిలుస్తున్నందున వాటి కోసం మాంసమో డబ్బా పొడో తప్పదని చాలామంది భ్రమపడుతున్నారు. సాధారణ వ్యక్తికి ప్రతి కిలో బరువుకు రోజుకు సుమారు 0.8 గ్రాముల మాంసకృత్తులు చాలునని మన హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ చెబుతున్నది. కఠిన సాధన చేసే క్రీడాకారునికి ఇది 1.2 నుండి 2 గ్రాముల వరకు కావచ్చు. 60 కిలోల బరువున్న యువకునికి కనీసం 72 గ్రాములన్నమాట.

దీనిని మన వంటింటిలోనే లెక్క వేసి చూద్దాం. 200 గ్రాముల జొన్నపిండి రొట్టెలలో 20 గ్రాములు, 150 గ్రాముల బియ్యంలో సుమారు 11, యాభై గ్రాముల కందిపప్పులో 11, గుప్పెడు పల్లీలలో అనగా 40 గ్రాములలో 10, ఉడికించిన శనగలు, అదే మనం గుడాలని పిలిచేవి, యాభై గ్రాముల ఎండు శనగలతో చేసినచో 9, పాలు పెరుగు కలిపి అర లీటరులో 16. మొత్తం 77 గ్రాములు. రెండు గుడ్లు తినేవారికి మరో 12 చేరుతాయి. పొడి డబ్బాతో పని లేకుండానే లెక్క తీరింది. డబ్బా హానికరమని నా ఉద్దేశం కాదు, ఈ తిండి దొరకని చోట దాని అవసరం ఉండవచ్చు. అయితే డబ్బాకు డబ్బు పెట్టి పాలు మానిపించిన ఇళ్ళను నేను చూశాను.

మాంసకృత్తుల కంటె ముందు చూడవలసినది మొత్తం తిండి చాలుతున్నదా లేదా అన్నది. ఇక్కడ ఆడపిల్లల తల్లులకు ఒక మాట. సన్నబడాలని తిండి తగ్గించి, మరోవైపు పరుగు పెంచిన అమ్మాయిలకు ఋతుక్రమం ఆలస్యం కావడం, నెలల తరబడి ఆగిపోవడం జరుగుతుంది. కష్టపడుతున్నది కనుక అలా అవుతుందిలే అని ఊరుకోరాదు. చాలినంత ఆహారం అందనప్పుడు శరీరం అన్నిటికంటె ముందు సంతానధర్మాన్ని ఆపుకుంటుంది, ఆపై ఎముకలు పలుచబడి చిన్న దెబ్బకే చిట్లుతాయి. అంతర్జాతీయ ఒలింపిక్ సంఘం 2014లో ఈ స్థితిని ప్రత్యేకంగా గుర్తించి శిక్షకులను హెచ్చరించింది, ఇది మగపిల్లలకు కూడా వస్తుందని చెప్పింది. మూడు నెలలు ఋతుస్రావం కానిచో వైద్యురాలికి చూపాలి.

ప్రసిద్ధ క్రీడాకారుల ఆహారాన్ని గుడ్డిగా అనుకరించడం మరొక చిక్కు. 2016 రియో ఒలింపిక్ పోటీల తరువాత గోపీచంద్ తన శిష్యురాలు సింధును తీయని పెరుగుకు, ఐస్‌క్రీముకు దూరంగా ఉంచానని చెప్పగానే మా ఊళ్ళో కొందరు పిల్లలు పెరుగు మానేశారు! అది ఒక పోటీ కోసం, ఒక క్రీడాకారిణికి, ఆమె గురువు పెట్టిన నియమం. పెరుగులో దోషమున్నదని దానికి అర్థం కాదు.

మా పొరుగున ఉన్న భువనగిరి గుట్ట మీద శిక్షణ పొందిన మాలావత్ పూర్ణ 2014 మే 25న, పద్నాలుగేళ్ళు నిండకముందే ఎవరెస్టు శిఖరమెక్కింది. ఖమ్మం ప్రాంతపు ఆనంద్‌కుమార్ కూడా ఆ యాత్రలో శిఖరాన్ని చేరాడు. కొండపైన ప్యాకెట్లలోని తిండి తనకు రుచించలేదని పూర్ణ తరువాత చెప్పింది. అంత ఎత్తులో ఆకలి చచ్చిపోతుంది, అయినా తినక తప్పదు. రుచించని తిండిని వేళకు తినడం కూడా సాధనలో భాగమేనని అటువంటి యాత్రలను చూస్తే తెలుస్తుంది.

నీటి సంగతి

ఉమ్మడి నల్లగొండ జిల్లాలో ఆహారం గురించి రాస్తూ నీటిని విడిచిపెట్టడం కుదరదు. తరతరాలుగా ఇక్కడి బోరు నీటిలోని ఫ్లోరైడ్ ఎముకలను, పళ్ళను పీడించింది. జొన్న రొట్టెను పై పేరాలలో మెచ్చుకున్నాను గాని, జొన్న ప్రధానాహారంగా తినేవారి శరీరంలో అన్నం తినేవారి కంటె ఫ్లోరైడ్ ఎక్కువగా నిలుస్తుందని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు 1970ల నాడే చూపారు. కనుక ఫ్లోరైడ్ ఉన్న బోరు నీరు తాగే చోట జొన్న మంచిదన్న మాట పూర్తిగా నిలవదు, మొదట నీటిని మార్చాలి. అదే సంస్థ తరువాతి అధ్యయనాలలో చింతపండు వాడకం వలన మూత్రం ద్వారా ఫ్లోరైడ్ ఎక్కువగా బయటకు పోతుందని తేలింది. మన చారుకు, పచ్చిపులుసుకు దక్కిన గౌరవమిది. ఇప్పుడు నదీజలాలు ఇళ్ళకు వస్తున్నవి గనుక సాధన చేసే పిల్లలు మైదానం పక్కనున్న బోరు నీటిని కాక ఇంటి నుండి తెచ్చుకున్న మంచినీటినే తాగాలి. రాగులలో నూరు గ్రాములకు సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం, పొట్టు తీయని నువ్వులలో వేయి మిల్లీగ్రాములకు పైగా ఉన్నది. ఎముకల కోసం ఇవి, పాలు తప్పనిసరి.

ఎంత నీరు తాగాలన్నది తెలుసుకోవడానికి సులభమైన ఉపాయం ఉన్నది. సాధనకు ముందు, తరువాత బరువు చూసుకోండి. తగ్గిన ప్రతి కిలోకు ఒక లీటరు నీరు పోయిందని అర్థం, దానికి కొంచెం ఎక్కువే, మెల్లమెల్లగా తాగాలి. వేసవిలో ఉప్పు వేసిన పలుచని మజ్జిగ, ఉప్పు పంచదార కలిపిన నిమ్మరసం శ్రేష్ఠం.

ఉదయం అయిదున్నరకు పరుగెత్తేవారు ముందురాత్రి కడుపునిండా అన్నమో రొట్టెయో పప్పుతో, పెరుగుతో తినాలి. ఉదయం లేవగానే గ్లాసెడు నీళ్ళు, పరుగుకు అరగంట ముందు ఒక అరటిపండు గాని, బెల్లం వేసిన పలుచని అంబలి చిన్న గ్లాసెడు గాని చాలును. గుడాలు, పల్లీలు ఆ వేళకు పనికిరావు, అరగడానికి సమయం పట్టి డొక్కలో నొప్పి తెస్తాయి. పరుగు ముగిసిన గంటలోపు గుడాలు, గుడ్డు, పాలు, అన్నం వీలును బట్టి తినాలి. సాయంత్రం సాధన చేసేవారు మధ్యాహ్న భోజనానికి, పరుగుకు మధ్య మూడు గంటల వ్యవధి ఉంచుకోవాలి. బతుకమ్మ పండుగకు చేసే మలీద ముద్దలు, అంటే నలిపిన రొట్టె, బెల్లం కలిపినవి, దూరం పరుగెత్తేవారికి చక్కని తినుబండారం. పండుగకే ఎందుకు పరిమితం చేశామో నాకు తెలియదు.

అశ్వగంధ వలన కండరబలం కొంత పెరుగుతుందని కొన్ని పరీక్షలలో కనిపించింది. వైద్యుని సలహా మీద పాలతో తీసుకోవచ్చు. థైరాయిడ్, కాలేయ వ్యాధులున్నవారు, గర్భిణులు వాడరాదు. రాష్ట్ర, జాతీయ స్థాయి పోటీలకు వెళ్ళేవారు మాత్రం పేరు తెలియని లేహ్యాలను, 'పవర్' గుళికలను ముట్టరాదు. వాటిలో రహస్యంగా కలిపిన నిషిద్ధ ద్రవ్యాల వలన పరీక్షలో పట్టుబడితే, తెలియక తిన్నామన్న మాట వినేవారుండరు.

పోటీనాడు కొత్త పదార్థమేదీ తినకూడదు. నెలరోజులుగా అలవాటైనదే తినాలి. ఆ అమ్మాయి పరీక్షనాడు తల్లి కాచిన తైదంబలి ఒక సీసాలో తీసుకువెళ్ళింది. 800 మీటర్లను గడువులోపే పూర్తిచేసి వచ్చి సగం సీసా మిగిలిందని చూపించింది. తల్లి చేత ఆ మిగిలిన అంబలి తాగించి, ఇనుము మాత్రలు ఇంకా రెండు నెలలు మానవద్దని చెప్పి పంపాను.